పైకి పాకిన వేరు

"ఎన్ని రకాలు కనిపిస్తున్నాయి?" అని అడిగాడు శవపరీక్ష చేసిన డాక్టరు.

సూక్ష్మదర్శినికి కన్ను ఆనించిన నిదానంగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆ పేరు ఆయనకు తల్లిదండ్రులు పెట్టినది కాదు. పోలీసు శాఖలో ఉన్నన్నాళ్లూ పై అధికారులు విసుగుతో పిలిచిన పిలుపు అది. ఉద్యోగం చాలించి సొంతంగా నేరపరిశోధన చేపట్టిన తరువాత అదే ఆయన గుమ్మం పక్కనున్న పలక మీదికి ఎక్కింది. వచ్చినవారు ఆ మాటలో తమకు కావలసిన ఓర్పునే చూసుకున్నారు గాని, వెక్కిరింపును ఎవరూ గుర్తించలేదు.

"ఒకటే రకం," అన్నారాయన చివరికి. "చిన్న పడవలా ఉంది. కాకపోతే నడుం వంగిన పడవ. అన్నీ అలాగే ఉన్నాయి."

"నాకూ అంతే కనిపించింది. కానీ నేను నాచు చదువుకున్నవాణ్ని కాదు. వీటిని డయాటమ్‌లంటారనీ, ఒంటి చుట్టూ గాజులాంటి పెంకు ఉంటుందనీ, ఆమ్లంలో ఉడకబెట్టినా ఆ పెంకు కరగదనీ మాత్రం తెలుసు. మా పనికి అంతవరకు చాలు."

"ఇవి ఆ అమ్మాయి ఎముకలోనివేనా?"

"తొడ ఎముక మజ్జలోవి. చచ్చాక నీళ్లలో పడేస్తే నాచు అంత లోపలికి చేరదండీ. గుండె ఆడుతుండగా నీళ్లు పీలిస్తేనే, నెత్తురు దాన్ని అక్కడిదాకా మోసుకుపోతుంది. అమ్మాయి ప్రాణంతోనే మునిగింది. అందులో అనుమానం లేదు."

"ఎక్కడ మునిగిందన్నదే కదా తగువు."

"ఆ తగువు నదీముఖ ప్రయోగశాల తీర్చేసింది. మీ తోడల్లుడు ఇన్‌స్పెక్టరుగారు ఒక స్లైడు వాళ్లకు పంపారు. నది సముద్రంలో కలిసే మొగ నీళ్లలో ఉండే నాచుతో సరిపోయిందని అక్కడి పెద్దసారు సంతకం చేసి పంపారు. ఇది రెండోది. ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలని నేనెప్పుడూ రెండు చేస్తాను. పోలీసులకు ఇద్దామని సీలు కూడా సిద్ధం చేశాను."

"సీలు వేయండి. నేనే పట్టుకెళ్లి మా తోడల్లుడికి ఇస్తాను," అన్నారు నిదానంగారు.

చనిపోయిన అమ్మాయి ఆ ప్రయోగశాలలోనే పరిశోధకురాలు. నది సముద్రంలో కలిసేచోట పేరుకున్న బురదలో సీసం, కాడ్మియం వంటి భారలోహాలు ఎంతెంత చేరాయో, వాటివల్ల కంటికి కనిపించని నాచు ఎట్లా మారుతున్నదో పరిశీలించడం ఆమె వృత్తి. మొన్న ఉదయం ఆమె దేహం నదీముఖంలోని వల గుంజలకు తట్టుకొని కనిపించింది. ముందురోజు ఆమెను నీటి మీదికి తీసుకువెళ్లిన పడవాయనను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఈ సాయంత్రం అతణ్ని న్యాయమూర్తి ఎదుట నిలబెట్టబోతున్నారు. హత్యానేరం నమోదై జైలు తలుపు ఒకసారి మూసుకుంటే, అరవై దాటిన ఆ మనిషి ప్రాణంతో బయటికి వస్తాడన్న ఆశ లేదు.

నిదానంగారిని ఈ వ్యవహారంలోకి పిలిచినది చనిపోయిన అమ్మాయి అక్క. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. కన్నీళ్లన్నీ ఇంటి దగ్గరే వదిలి వచ్చినట్టు పొడి కళ్లతో ఎదురుగా కూర్చుని, "బాబాయ్ చంపలేదండీ. అది ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది," అన్నది. ఆ వెంటనే, "నాకు ఇంకోటి కూడా తెలియాలి. ఆ ఆఖరి రోజు మా చెల్లెలు ఎందుకంత తొందరపడింది? అన్నం ముందు కూర్చుని కూడా చెయ్యి కడిగేసుకుంది. అది ఎప్పుడూ అలా లేచిపోదు," అన్నది.

ఎవరు చంపారని కాక ఎందుకు తొందరపడిందని అడిగిన ఆ ప్రశ్న నిదానంగారి మనస్సులో ముల్లులా నిలిచిపోయింది.

* * *

"రండి అన్నయ్యా. మీరు వచ్చేసరికి కేసు తేలి, శిక్ష పడి, శిక్ష కూడా పూర్తయిపోతుందేమో అనుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నిదానంగారి భార్యకు స్వయానా చెల్లెలి భర్త అతడు. మనిషి చురుకైనవాడు, నిజాయితీపరుడు. ఉన్న లోపమల్లా మొదట తట్టిన ఆలోచన మీద మమకారం పెంచుకోవడమే. అత్తవారింట్లో ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్లు వేస్తారు. స్టేషన్లో మాత్రం ఎదురెదురు కుర్చీలు.

"తొందర పనులు నీవి తమ్ముడూ. మిగిలిపోయినవి నావి," అన్నారు నిదానంగారు కూర్చుంటూ.

"మిగల్చలేదు. మామగారింట్లో మీరు స్నానానికి వెళ్లొచ్చేసరికి మేమంతా తిని లేచేవాళ్లం, గుర్తుందా? ఇదీ అంతే. వినండి. ఆ అమ్మాయి గట్టు పక్క బురదలో తినే గుల్లలు ఏరొద్దంది. ఏరడం ఆపించాలని పైవాళ్లకు రాస్తానంది. గుల్లలు లేకపోతే ఈయన ఇంట్లో పొయ్యి వెలగదు. రేవులో నలుగురూ వింటుండగా 'నా పొట్ట కొట్టకు' అని అరిచాడు. ఆ రోజు ఆమెతో నీళ్ల మీదున్నది ఇతనొక్కడే. ఎముకలో మొగ నాచు దొరికింది. ఇంకేం కావాలి?"

"ఆయనతో నాలుగు మాటలు మాట్లాడనిస్తే చాలు."

"నాలుగే. నాకు బందోబస్తు పని కూడా ఉంది. నదిలో పూడిక తవ్వే డ్రెడ్జర్ మొదలుపెట్టడానికి ఈ సాయంత్రం పెద్ద అధికారి వస్తున్నాడు. ఈ చావు వల్ల రెండు రోజులు ఆపారు. ఇక ఆగేలా లేరు."

పడవాయన కటకటాల వెనుక గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఉప్పునీళ్లలో నానిన కాళ్లు, ఎండిన పెదవులు. నిదానంగారు నేల మీదనే అతనికెదురుగా కూర్చున్నారు.

"అమ్మాయి మీద అరిచారా?"

"అరిచానండి. ఇంట్లోవాళ్ల మీద అరవమా? ఆ పిల్ల కూడా నా మీద అరిచింది. మర్నాడు మళ్లీ పడవెక్కింది."

"గుల్లలు మానేశారా?"

"అమ్మడం మానలేదు. మనవరాలికి పెట్టడం మానేశాను." అతను తల దించుకున్నాడు. "ఆ మాట చెబితే ఇన్‌స్పెక్టరుగారు నవ్వారు."

ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు చూశాడు.

"ఆ రోజు ఏం చేశారు?"

"గట్టు పక్క తుంగలో పొడుగ్గా గొట్టం దింపి బురద తీసింది. పైన ఎర్ర మూత, కింద నల్ల మూత. పడుకోబెడదామంటే ఒప్పుకోలేదు. దారంతా చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు నిలబెట్టే పట్టుకుంది. ఎందుకమ్మా అంటే, 'దీని తల ఎటో మర్చిపోతే లోకమంతా తారుమారవుతుంది బాబాయ్' అంది."

"తారుమారవుతుందని చెప్పిందా, అయిందని చెప్పిందా?"

"అప్పుడు నవ్వలేదు. ఏడ్చినట్టుంది ముఖం. దేనికో అర్థం కాలేదండీ."

"తర్వాత?"

"ప్రయోగశాల మెట్ల దగ్గర దింపాను. పొద్దు వాలుతోంది, నీళ్లు సముద్రంలోకి తీసే పాటు మొదలవబోతోంది. గొట్టం పట్టుకుని మెట్లెక్కింది. ఎందుకమ్మా ఇంత తొందరంటే, 'మట్టి కదిలాక ఎవరూ ఏమీ చేయలేరు బాబాయ్. పెద్దసారుతో ఇప్పుడే మాట్లాడాలి' అంది. అదే ఆఖరు."

నిదానంగారు లేచి బట్టలు దులుపుకున్నారు. గదిలోకి వచ్చాక సీలు వేసిన చిన్న పెట్టెను బల్ల మీద పెట్టారు.

"రెండో స్లైడు. దీన్ని నువ్వే పట్టుకుని నాతో ప్రయోగశాలకు రా. ఒక్క గంట."

"అన్నయ్యా, మీ గంటలు నాకు తెలుసు."

"నేను తప్పైతే, ఈసారి మామగారింట్లో ముందు వడ్డన నీకే అని నలుగురిలో ఒప్పుకుంటాను."

ఇన్‌స్పెక్టరు టోపీ అందుకున్నాడు. "అది చాలు. దానికోసం నరకానికైనా వస్తాను."

* * *

ప్రయోగశాల వెనుకవైపు మెట్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. ఎదురుగా ఆవలి గట్టున డ్రెడ్జర్ నిలిచి ఉన్నది. దాని మోటారును పరీక్షిస్తున్నారేమో, అప్పుడప్పుడూ దగ్గి ఊరుకుంటున్నది. నిదానంగారు కింది మెట్టున నిలిచి ఒక గడ్డిపోచను తుంచి నీటిలో వేశారు. పాటు నడుస్తున్నది. గడ్డిపోచ మెల్లగా తిరిగి, మొగ గుంజల వైపు సాగిపోయింది.

"చూశావా తమ్ముడూ. దేహాన్ని గుంజల దగ్గరికి చేర్చడానికి పడవ అక్కర్లేదు."

"పడవ వద్దని నది చెప్పింది. సరే. మనిషి చెప్పిందేమిటో చూద్దాం పదండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ప్రయోగశాల అధిపతి వారిని ముందు హాల్లోనే కలిశాడు. జుట్టు నెరిసినా మనిషి తీరుగా ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా. అందరూ ఆయనను పెద్దసారు అంటారు. ఆయన మాట్లాడే పద్ధతిలో, ఎన్నో సభలలో గౌరవం పొందిన మనిషికి ఉండే మెత్తదనం ఉన్నది.

"ఆ అమ్మాయి నాకు కూతురులాంటిది," అన్నాడాయన. ఆ గొంతులో కంపం నటన కాదని నిదానంగారికి అనిపించింది. ఆయనను కలవరపెట్టినదీ అదే.

హాలు నడుమ నిలువెత్తు గాజుపెట్టె ఉన్నది. అందులో నిలువుగా చీల్చిన బురద గొట్టం. పై కొసకు ఎర్ర మూత, కింది కొసకు నల్ల మూత. పైసగం లేత బూడిదరంగు, కిందిసగం కాటుకలా నలుపు. పక్కనే అచ్చు అక్షరాలతో చీటీలు అంటించారు. పై చీటీలో, ఇటీవలి పొర, లోహాలు లేవు. కింది చీటీలో, పురాతన పొర, సహజ లోహాలు.

"సార్‌ను లోకానికి చూపించింది ఇదే. విషమంతా లోతున ఉంది, పై మట్టి శుభ్రం అని నిరూపించారు. దీని ఆధారంతోనే డ్రెడ్జింగుకు అనుమతి ఇచ్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గౌరవంగా.

నిదానంగారు ఆ గాజుపెట్టె ముందు ఒక క్షణం ఆగారు. ఏదో కంటికి తగిలింది గాని, అదేమిటో మనస్సుకు అందలేదు. ఆయన ముందుకు నడిచారు.

అమ్మాయి పనిచేసిన గదిలో కిటికీ కింద నాలుగు వెడల్పాటి గాజు తొట్లు వరుసగా ఉన్నాయి. మనిషి మోచేతులు ఆనించి వంగి చూడగలిగినంత ఎత్తు. ప్రతి తొట్టికీ ఒక చీటీ ఉన్నది. మొదటి దానిలో లోహం లేని నీరు. రెండు, మూడింటిలో కొంచెం కొంచెంగా కాడ్మియం. నాలుగో దానిలో అన్నిటికంటె ఎక్కువ. నాలుగింటిలోనూ ఒకే జాతి డయాటమ్‌ను పెంచి, లోహం హెచ్చే కొద్దీ దాని రూపం ఎట్లా చెడుతున్నదో ఆమె చూస్తున్నది. గోడ మీద పెద్ద ఛాయాచిత్రాలున్నాయి. మొదటి తొట్టిలోనిది చక్కని పడవ. నాలుగో తొట్టిలోనిది నడుం వంగిన పడవ.

నిదానంగారు ఆ చిత్రం ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డారు. సృష్టిలో ఇంత చిన్న ప్రాణికి కూడా ఇంత శ్రద్ధగా రూపం దిద్దిన చెయ్యి ఏదో ఉన్నది. ఆ రూపాన్ని వంచిన చెయ్యి మాత్రం మనిషిది. ఆయన ఒక్కసారి కళ్లు మూసుకొని తెరిచారు.

"ఈ తొట్లను ఎవరైనా ముట్టుకున్నారా సార్?"

"ఆమె పోయాక కడిగించాను. నాచు కుళ్లితే వాసన వస్తుంది," అన్నాడు పెద్దసారు.

"నాలుగూ కడిగించారా?"

"అన్నీ."

నిదానంగారు మొదటి తొట్టి లోపలి గోడ మీద వేలు రాశారు. వేలికి గోధుమరంగు జిగురు అంటింది. రెండో దానిలో, మూడో దానిలో కూడా అంతే. ఆ గోడల మీద నాచు ముఖమల్ గుడ్డ పరిచినట్టు పెరిగి ఉన్నది. నాలుగో తొట్టి మాత్రం దుకాణం నుంచి ఇప్పుడే తెచ్చినట్టు తళతళలాడుతున్నది.

"మా ఆవిడ గిన్నెలు తోమమంటే నేనూ ఇలాగే చేస్తాను. కావలసిన ఒక్కటీ తోమి, అన్నీ అయ్యాయంటాను," అన్నారాయన నెమ్మదిగా.

పెద్దసారు ముఖం మారలేదు. "పనివాళ్లు బద్ధకించి ఉంటారు. నేను చూసుకోలేదు."

"అన్నయ్యా, శుభ్రంగా ఉండటం కూడా నేరమేనా? ఇలా అయితే మా స్టేషన్లో ఎవరినీ పట్టుకోనక్కర్లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కాని అతని చూపు నాలుగో తొట్టి మీదనే ఉన్నది.

నిదానంగారు వంగి తొట్టి అడుగున ఉన్న నీటిదారి బిరడాను లాగారు. బిరడాకు చుట్టూ రబ్బరు పట్టీ. దానిని గోటితో ఎత్తి చూస్తే, కింద సన్నని గోధుమరంగు గీత మిగిలి ఉన్నది. గాజును తుడిచిన చేతికి రబ్బరు కింద చూడాలని తోచలేదు.

"తమ్ముడూ, నీ కళ్లు నాకన్నా పదునైనవి. ఇక్కడ సూక్ష్మదర్శిని ఉంది. మూడు చూసి చెప్పు. సార్ కూడా ఇక్కడే ఉంటారు."

పెద్దసారు కాదనలేదు. కిటికీ పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుని చేతులు ఒడిలో పెట్టుకున్నాడు.

మొదట వెనుక మెట్ల దగ్గర ముంచి తెచ్చిన నీటి చుక్కను అద్దం కింద పెట్టారు. ఇన్‌స్పెక్టరు కన్ను ఆనించాడు.

"బస్టాండులా ఉంది. గుండ్రంవి, పొడుగువి, గొలుసులు, చుక్కలు, ముళ్లున్నవి. ఎన్ని రకాలో చెప్పలేను."

"అది మొగ నీరు. ఇప్పుడు నీ సీలు నువ్వే తీసి, ఆ అమ్మాయి ఎముకలోది పెట్టు."

ఇన్‌స్పెక్టరు సీలు విరిచి రెండో స్లైడు పెట్టాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు. మాటలో నవ్వు పోయింది.

"ఇది బస్టాండు కాదు. కవాతు మైదానం. అందరిదీ ఒకే పటాలం. అందరూ కుంటుతున్నారు."

"మజ్జలోకి చిన్న రకాలే చేరతాయి. మిగిలినవి దారిలోనే ఆగిపోతాయి. అందుకే తక్కువ కనిపిస్తాయి. ఇది శాస్త్రం," అన్నాడు పెద్దసారు ప్రశాంతంగా.

"ఒప్పుకుంటాను సార్. చిన్నవే చేరాయనుకుందాం. మరి చిన్నవాటిలో తిన్నగా ఉన్నది ఒక్కటైనా చేరాలి కదా. ఆ అమ్మాయి నదిలో మునుగుతూ వంగినవాటినే ఏరుకుని పీల్చిందా?"

పెద్దసారు ఒడిలోని చేతుల వైపు చూసుకున్నాడు.

"మూడోది పెట్టు తమ్ముడూ. రబ్బరు కింది గీత."

ఇన్‌స్పెక్టరు చూశాడు. తల ఎత్తి ఎముక స్లైడును మళ్లీ చూశాడు. మళ్లీ మూడోది. ఆ రెండింటి నడుమ అతని కన్ను అటూ ఇటూ తిరుగుతుండగా, అతను మూడు రోజులుగా కట్టుకున్న మేడ లోపల నుంచి కూలిపోవడం నిదానంగారికి వినిపిస్తున్నట్టే ఉన్నది. తోడల్లుడి ఓటమిని చూచి సంతోషించాలని ఆయనకు అనిపించలేదు.

"ఒకటే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆమె నదిలో మునగలేదు. ఈ తొట్టిలో మునిగింది." ఆ తరువాత పెద్దసారు వైపు తిరిగాడు. "ఈ నివేదిక మీరిచ్చారు. మీకు నాచు తెలుసు. మాకు తెలియదు. మీ సంతకం చూసి ఒక ముసలాయన్ని లోపల వేశాను."

"సరిపోయిందని రాశాను. ఆ జాతి మొగలో కూడా ఉంటుంది. అబద్ధం రాయలేదు."

"నిజాన్ని అంత పొదుపుగా వాడేది అబద్ధమాడేవాళ్లేనండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తరువాత నిదానంగారిని చూచి గొంతు తగ్గించి అడిగాడు. "అన్నయ్యా, కానీ ఎందుకు? కూతురులాంటిది అన్నాడు. ఆ మాట అబద్ధంలా లేదు."

"లేదు. అదే నాకూ బాధగా ఉంది. హాల్లోకి పదండి."

* * *

గాజుపెట్టె ముందు ముగ్గురూ నిలబడ్డారు. ఈసారి నిదానంగారు దూరం నుంచి కాక, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా చూశారు. ఇందాక కంటికి తగిలినది ఇప్పుడు మనస్సుకు అందింది.

బురద చీలిక నడుమ నల్లని పొరలో ఒక తుంగ వేరు చిక్కుకొని ఉన్నది. అది వేలు లావున మొదలై, చీలి, సన్నబడి, చివరకు వెంట్రుకల కుచ్చుగా విడిపోయింది. లావు మొదలు నల్ల మూత వైపున ఉన్నది. వెంట్రుకల కుచ్చు ఎర్ర మూత వైపునకు, పైకి, ఆకాశం కేసి పాకి ఉన్నది.

వేళ్లు పైకీ కొమ్మలు కిందికీ ఉండే వృక్షమొకటి వేదాంతుల మాటలలో ఉన్నది. అది ఈ సంసారాన్ని చూపడానికి చెప్పిన ఉపమానం. బురదలో మొలిచే తుంగకు వేదాంతం తెలియదు. దాని వేరు కిందికే దిగుతుంది.

"తమ్ముడూ, వేరు ఎటు పెరుగుతుంది?"

ఇన్‌స్పెక్టరు చూశాడు. తలను పక్కకు వంచాడు. ఇంకా వంచాడు. మెడ పూర్తిగా తలకిందులయ్యేసరికి అతనికి అర్థమైంది.

"దీన్ని తిరగేసి పెట్టారు."

"పెట్టెలోనే కాదు. మొదటి నుంచీ. చీటీలు రాయకముందే. నల్లనిది పైన ఉండాలి. విషమంతా పై మట్టిలో ఉంది, ఇటీవల చేరిందే. అడుగున ఉన్నది శుభ్రమైన పాత మట్టి. సార్ చీటీలు నిజాన్ని తలకిందులుగా చదివాయి."

పెద్దసారు గాజు మీద చెయ్యి వేశాడు. ఈసారి గొంతులో సభలలోని మెత్తదనం లేదు.

"మా ప్రయోగశాలలో ఎర్ర మూత పైకి. అది మా పద్ధతి. ఆ రోజు మా పడవ పాడైతే, మరో సంస్థవాళ్లు వాళ్ల పడవ మీద వెళ్లి తెచ్చారు. వాళ్ల పద్ధతిలో ఎర్రది కిందికి. నేను ఒడ్డున ఉన్నాను. చేతికొచ్చిన గొట్టాన్ని మా పద్ధతిలో నిలబెట్టాను. అంతే. ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. అప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు."

"వేరు కనిపించలేదా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"రోజూ దీని ముందునుంచే వెళ్తాను. రోజూ చూసేది కనిపించదు నాయనా. ఆ అమ్మాయికి కనిపించింది. అదే చోట కొత్త గొట్టం దింపి తెచ్చి నా ముందు నిలబెట్టింది. నలుపు పైన ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. 'ఎవరికైనా జరిగేదే సార్. మీరే పైవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, నేను పక్కనే ఉంటాను' అంది. తిట్టి ఉంటే బాగుండేది."

"ఆ కొత్త గొట్టం ఏమైంది?"

"కడిగేశాను."

"తర్వాత ఆమె తొట్టి మీద వంగింది," అన్నారు నిదానంగారు.

"పై మట్టిలో దొరికిన నాచు కూడా ఇలాగే వంగి ఉంది, చూడండి సార్ అని తొట్టిలో చూపించబోయింది. నేను వెనక నిలబడ్డాను. ఇన్నేళ్లు నాకు దండలు వేసిన చేతులన్నీ గుర్తొచ్చాయి. ఒక్క నిమిషం... ఆమె ఆగితే చాలనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అరెస్టు చేసే చెయ్యి అయినా, పడిపోబోయే మనిషిని పట్టుకున్నట్టే ఉన్నది. రెండో చేత్తో వాకీటాకీ తీసి స్టేషనుకు చెప్పాడు. "లాకప్‌లో ఉన్న పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టండి. మంచినీళ్లివ్వండి. నేనొచ్చి క్షమాపణ చెప్పుకుంటాను." ఆ తరువాత తోడల్లుడి కేసి చూశాడు. "ముందు వడ్డన మీకే అన్నయ్యా."

నిదానంగారికి ఆ మాట వినిపించలేదు. ఆయన మనస్సులోని ముల్లు ఇంకా కదులుతున్నది. మట్టి కదిలాక ఎవరూ ఏమీ చేయలేరు.

"సార్, ఒక్కటి చెప్పండి. ఆ రాత్రికి రాత్రే మాట్లాడాలని ఆమె ఎందుకు పట్టుబట్టింది? మర్నాడు ఏమిటి?"

పెద్దసారు కిటికీలోంచి ఆవలి గట్టు వైపు చూశాడు.

అప్పుడు వినిపించింది. ఇందాకటి నుంచి దగ్గి ఊరుకుంటున్న డ్రెడ్జర్ మోటారు ఈసారి ఊరుకోలేదు. లోతైన, ఎడతెగని మోత హాలు గాజులను అదరగొట్టింది.

"పై మట్టి," అన్నారు నిదానంగారు. "శుభ్రమని మీరు చెప్పిన పై మట్టి. అదెక్కడికి పోతుంది తమ్ముడూ?"

ఇన్‌స్పెక్టరు చటుక్కున కిటికీ వైపు తిరిగాడు. "ఈ గట్టు మీది పడవలవాళ్ల పేట పల్లం పూడ్చడానికి. పైపు వేశారు. కానీ అది సాయంత్రం కదా." అతను వాకీటాకీలో బందోబస్తు కానిస్టేబులును పిలిచాడు. జవాబు ఉత్సాహంగా వచ్చింది.

"అధికారిగారికి తొందర పని ఉందని ముందే మొదలుపెట్టించారు సార్. బురద బ్రహ్మాండంగా పడుతోంది. బురదతోపాటు గుల్లలు కూడా కొట్టుకొస్తున్నాయి సార్. పేటలో పిల్లలందరూ మోకాలి లోతున దిగి ఏరుకుంటున్నారు. మన లాకప్‌లో ఉన్న పెద్దాయన మనవరాలు కూడా ఉంది, గౌను నిండా పట్టింది."

"ఆపించు. పిల్లల్ని బయటికి లాగు."

"ఏమిటి సార్? మోటారు మోతలో వినిపించట్లేదు."

ఇన్‌స్పెక్టరు అదే మాటను మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే జవాబు వచ్చింది. ఒక చేత్తో పెద్దసారును పట్టుకొని, ఇంకో చేత్తో వాకీటాకీ పట్టుకొని, ఏది వదలాలో తెలియక అతను పక్కకు తిరిగేసరికి తోడల్లుడు అక్కడ లేడు.

మామగారింట్లో పిలిచినా, పై అధికారులు గదమాయించినా, వానలో తడుస్తున్నా, జీవితంలో ఏనాడూ అడుగు వేగం పెంచని ఆ మనిషి, చెప్పులు మెట్ల మీదనే వదిలేసి, పేట వైపు గట్టు వెంట పరుగెత్తుతున్నారు.